హంతకుడి పేరు చెప్పకుండా మాట్లాడుకుందాం

శ్రోతలందరికీ నమస్కారమండీ. మిస్టరీ నవల ఒకటి చదివేశాక ఎవరితోనూ దాని గురించి మాట్లాడకుండా ఉండటం కష్టం, హంతకుడెవరో చెప్పకుండా మాట్లాడటం ఇంకా కష్టం. అద్దె లైబ్రరీల్లో పుస్తకాలు తెచ్చుకుని చదివినవాళ్ళకి ఇది బాగా తెలుసు, ఇంకా కథ మొదలవుతుంటే చాలు ఎవరో మహానుభావుడు ఒక పేరు కింద పెన్సిల్‌తో గీత కొట్టి పక్కన "వీడే" అని రాసిపెట్టి ఉండేవాడు, ఒళ్ళు మండిపోయేది.

కానీ నన్నడిగితే ఆ పేరు పక్కన పెట్టేస్తే మాట్లాడుకోవడానికి ఇంకేం మిగలని నవల అసలు అంత గొప్పదేం కాదండీ. ఉదాహరణకి అగాథా క్రిస్టీ రాసిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్‌రాయిడ్" తీసుకుందాం. 1926లో పుస్తకంగా వచ్చింది, అంతకుముందు ఏడాది లండన్‌లో ఒక సాయంత్రం పేపర్లో సీరియల్‌గా వచ్చింది. ముగింపు మీద అప్పట్లో పెద్ద గొడవే అయింది, ఇది పాఠకుణ్ణి మోసం చేయడమేనని కొందరు, మోసమేంటి, మిస్టరీ చదివేవాడు అందర్నీ అనుమానించాలి కదా అని ఇంకొందరు, వీళ్ళలో డొరొతీ సేయర్స్ లాంటి రచయిత్రి కూడా ఉన్నారు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, 2013లో, బ్రిటన్‌లోని క్రైమ్ రచయితల సంఘం సభ్యులు ఓట్లేసి మరీ అన్నిటికన్నా మంచి క్రైమ్ నవల ఇదేనన్నారు. ఆ ముగింపేంటో నేను చెప్పను, గుచ్చి గుచ్చి అడిగినా చెప్పను.

చెప్పకుండానే ఒక కుర్చీ గురించి చెప్తా వినండి. అక్‌రాయిడ్ తన గదిలోనే హత్యకి గురవుతాడు. కిటికీ తెరిచి ఉంది, బయట అడుగుల గుర్తులున్నాయి, పోలీసులతో పాటు మన చూపు కూడా అటే పోతుంది. డిటెక్టివ్ పువారో మాత్రం ఆ ఇంటి బట్లర్‌ని పిలిచి, శవాన్ని చూసినప్పుడు గదిలో ఏదెక్కడుందో చెప్పమంటాడు. అక్కడున్న ఒక పెద్ద కుర్చీ అప్పుడు కాస్త ముందుకు లాగి ఉంది, తర్వాత చూస్తే మళ్ళీ మామూలు చోటికే వెళ్ళిపోయింది. అంతే! ఈ ముక్క క్రిస్టీ మనకి దాచలేదు, కళ్ళముందే పెట్టింది, మనమే "కుర్చీదేముందిలే" అనుకుని పేజీ తిప్పేస్తాం. నాకు కథ మొత్తం తెలిశాక మళ్ళీ చదువుతున్నప్పుడు ఆ కుర్చీ దగ్గరికొస్తే నవ్వొచ్చింది, ఎంత ధైర్యం ఈవిడకి అనిపించింది.

ఇక కరోలిన్. ఆ ఊరి డాక్టర్‌గారి అక్క, గడప దాటకుండానే ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగిందో మొత్తం తెలిసిపోతుంది ఆవిడకి, పాలవాడూ పనమ్మాయిలే ఆవిడ సైన్యం. మన వీధిలోనూ ఇలాంటి పిన్నిగారు ఒకావిడ ఉండే ఉంటారు లెండి. ఒక చాప్టర్లో నలుగురూ కూర్చుని మాజాంగ్ అనే చైనా బిళ్ళల ఆట ఆడుతూ, ఎత్తుకీ ఎత్తుకీ మధ్యలో హత్య గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేసుకుంటుంటారు, మనం చదివి మాట్లాడుకునేది అచ్చం అలాగే ఉంటుంది! కరోలిన్‌ని రాయడంలో తనకి కలిగిన సరదాలోంచే తన ఇంకో డిటెక్టివ్, ముసలావిడ మిస్ మార్పుల్ పుట్టి ఉండొచ్చని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకుంది.

1929లో రొనాల్డ్ నాక్స్ అని ఒక పాదరీగారు, ఆయనా డిటెక్టివ్ నవలలు రాసినవాడే, ఇలాంటి కథలకి పది రూల్స్ పెట్టాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, ముందు చెప్పకుండా కవల పిల్లల్ని దించకూడదు, అలాంటివి. కొన్ని చాదస్తంగా ఉంటాయి గానీ మొదటిది మాత్రం నాకు చాలా ముఖ్యం. మన తెలుగు డిటెక్టివ్ నవలల్లో చాలావాటితో నా పేచీ అక్కడే. ఆఖరి చాప్టర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి "నిన్న నేను ఫలానా ఊరు వెళ్ళి విచారిస్తే తెలిసిందేంటంటే" అని మొదలుపెడతారు, మాకు చెప్పకుండా ఎప్పుడెళ్ళావయ్యా బాబూ!

అలాగని తీసిపారేయలేను. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, ఈ ముగ్గురూ ఒక చోట చేరారంటే చాలు, హత్య ఎవరు చేస్తే నాకేంటి అనిపిస్తుంది. హంతకుల పేర్లు చాలావరకు మర్చిపోయా, యుగంధర్ మాత్రం గుర్తున్నాడు.

"అక్‌రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవడిక్కావాలి" అని 1945లో ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు ఒక వ్యాసానికి పేరు పెట్టాడు, ఈ నవలలంటే ఆయనకి అంత చిరాకు. సరే, ఎవరు చంపారన్నది ఒక్కటే అయితే నాకూ అక్కర్లేదు, కుర్చీ ఎవరు జరిపారో, ఎందుకు జరిపారో కావాలి. చదివినవాళ్ళుంటే మీ ఇంట్లో ఇంకా చదవనివాళ్ళ ముందు కుర్చీ దాకా చెప్పండి, అక్కడ ఆపేయండి. ఉంటానండీ, నమస్కారం.