రెజ్యూమెలో స్కిల్స్: దోశ తిన్నారా, వేశారా, పిండి రుబ్బారా?

(స్క్రీన్ మీద: ఒక రెజ్యూమెలో స్కిల్స్ భాగం)

నమస్కారమండీ. ఇది ఒక ఫ్రెషర్ రెజ్యూమె. పేరు తీసేసి, ఆ అబ్బాయిని అడిగే చూపిస్తున్నా. స్కిల్స్ కింద 27 పేర్లున్నాయి. జావా, పైథాన్, రియాక్ట్, డాకర్, కుబర్నెటిస్, కాఫ్కా... అలా పోతూనే ఉంటుంది. ఎక్కువ రాస్తే ఎక్కువ కాల్స్ వస్తాయని అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, పిల్లలు నమ్ముతూనే ఉంటారు. నాకు బాధ అక్కడే. మీరు రాసిన ప్రతి పేరూ, దీని మీద నన్ను అడగండి అని మీరే పిలిచినట్టు.

మాదాపూర్‌లో ఇతన్ని ఇంటర్వ్యూ చేసింది నేనే. కుబర్నెటిస్ అని ఉంది కదా, అంటే కంటైనర్లని (ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూటల్ని) నడిపించే సాఫ్ట్‌వేర్, అందులో పాడ్ అంటే ఏమిటని అడిగాను. కుబర్నెటిస్ నడిపే అతి చిన్న యూనిట్, అందులో ఒకటో, అంతకంటే ఎక్కువో కంటైనర్లుంటాయి అంటే చాలు. జవాబు రాలేదు. పెన్ను క్యాప్ తీస్తాడు, పెడతాడు, మళ్ళీ తీస్తాడు. ఆ టెన్షన్‌లో తనకొచ్చిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) కూడా పోయింది. లెఫ్ట్ జాయిన్‌కీ ఇన్నర్ జాయిన్‌కీ తేడా చెప్పలేకపోయాడు.

లేచి వెళ్ళబోతూ ఒక మాటన్నాడు. వాళ్ళ నాన్నగారి కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని పైథాన్‌లో ప్రోగ్రాంగా రాశాడట. ఎవరి బాకీ ఎంతో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటుంది, నెలాఖరుకి జాబితా వస్తుంది. ఏడాదిగా కొట్టులో వాడుతున్నారు. రెజ్యూమెలో దాని ఊసే లేదు! ఎందుకు రాయలేదంటే, "అది చిన్నది కద సార్" అన్నాడు.

నేను ఎవరికైనా దోశతోనే చెబుతాను. దోశ తినడం వేరు. ఎవరో రుబ్బిన పిండితో పెనం మీద వేయడం వేరు. పప్పూ బియ్యం పాళ్ళు తెలిసి, పిండి రుబ్బి, దోశ పెనానికి అంటుకుంటే ఎందుకంటుకుందో చెప్పగలగడం వేరు. కంటైనర్లు తయారుచేసి నడిపే డాకర్ తీసుకోండి. వీడియో చూస్తూ ఒక కమాండ్ కొట్టారంటే, తిన్నారు. ఎవరో రాసిన డాకర్‌ఫైల్‌లో (కంటైనర్‌ని ఎలా కట్టాలో రాసే ఫైల్‌లో) పోర్ట్ మార్చి నడిపారంటే, వేశారు. ఆ ఫైల్‌తో తయారైన ఇమేజ్ 1 జీబీ దాటిందేమిటని చూసి, అక్కర్లేనివి వదిలేసే మల్టీ స్టేజ్ బిల్డ్‌తో తగ్గించారంటే, పిండి మీదే.

పిండి రుబ్బినవి పైన రాయండి. వేసినవాటిని "పరిచయం ఉంది" అని విడిగా పెట్టండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఆ మాట చూస్తే నేను అడిగే ప్రశ్న కూడా ఆ మేరకే ఉంటుంది. తిన్నవి అసలు రాయొద్దు.

ఏ పిండో కూడా చెప్పాలి. ఉత్త జావా అంటే ఏ జావా? లాంబ్డాలు, స్ట్రీమ్స్ అనే సౌకర్యాలు 2014లో జావా 8తో వచ్చాయి. జావా 21 వచ్చింది 2023లో. మీరు దేంట్లో పని చేశారో ఆ అంకె పక్కన వేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. జావా 90 శాతం అని గీసే పట్టీలు తీసేయండి. దేంట్లో 90? తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో కీవర్డ్స్ దాచొద్దు. రెజ్యూమెలు వడకట్టే సాఫ్ట్‌వేర్ టెక్స్ట్ అంతా బయటికి లాగినప్పుడు అవీ కనబడతాయి. ఇక చేయని ఉద్యోగం చేసినట్టు పెట్టడం. దండం పెడతా, ఆ జోలికి పోకండి. వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు అడిగితే, యూఏఎన్ (ప్రతి ఉద్యోగికీ ఉండే పీఎఫ్ నంబరు) కింద ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో ఉంటుంది.

(స్క్రీన్ మీద: అదే అబ్బాయి కొత్త రెజ్యూమె)

ఇప్పుడు ఏడు పేర్లే ఉన్నాయి. కుబర్నెటిస్ లేదు. ప్రాజెక్టుల్లో మొదటి వరుస చదువుతున్నా, వినండి: "కిరాణా ఖాతా ప్రోగ్రాం. పైథాన్ 3, ఎస్‌క్యూలైట్. ఏడాదిగా మా కొట్టులో రోజూ వాడుతున్నారు."