గోదావరిలో పడుకుని హిమాలయాల్లో తినే చోటు: మద్రాస్ ఐఐటీ క్యాంపస్ రివ్యూ

నమస్తే అండీ. చెన్నైలో సర్దార్ పటేల్ రోడ్డు మీద, మద్రాస్ ఐఐటీ మెయిన్ గేటు ముందు నిలబడి ఉన్నా. వెనకాల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయా? కాసేపు ఓర్చుకోండి, లోపలికెళ్ళాక ఈ మోత ఏమవుతుందో చూద్దురుగాని.

మా తమ్ముడు ఇక్కడ ఎంటెక్‌లో చేరాడు. వాడికి సామాను ఇద్దామని అమ్మ ఒంగోలులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చింది. నేను వేళచ్చేరిలోనే ఉంటా కాబట్టి తోడు వచ్చా, తోడు వచ్చాను కాబట్టి వీడియో. ర్యాంకులు, ప్యాకేజీలు ఇందులో ఉండవు. అవి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. హాస్టల్ గదులు, ల్యాబులు కూడా తీయలేదు. పిల్లలు ఉండే చోట్లోకి కెమెరా పట్టుకుని దూరిపోవడం నాకు నచ్చదు. చెట్లు, రోడ్లు, గ్రౌండ్లు, జంతువులు, అంతే.

ఒక్క మాట. ఇది టికెట్ కొనుక్కుని తిరిగే పార్కు కాదు. లోపల పనైనా ఉండాలి, మనవాళ్ళైనా ఉండాలి. ఐడీ కార్డు మర్చిపోకండి. నేను ఆధార్ ఇంట్లో టేబుల్ మీద వదిలేసి, గేటు దగ్గర ఫోన్‌లో లైసెన్స్ వెతుక్కుంటూ చెమటలు కక్కా.

ఇప్పుడు వినండి. గేటు దాటి పట్టుమని ఐదు నిమిషాలు నడిచామో లేదో, ఆ హారన్లు ఎటుపోయాయి? రెండు పక్కలా మర్రి ఊడలు. బయట మాడు పగిలే ఎండ, ఇక్కడ నేల మీద చిల్లర పోసినట్టు అక్కడక్కడా వెలుగు. సుమారు 617 ఎకరాలు ఇది. గిండీ అడవిలోంచి తీసిన ముక్క. గోడకి అవతల గిండీ నేషనల్ పార్కు, అది కూడా దాదాపు ఇంతే ఉంటుంది. 2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను చెన్నై అంతటా చెట్లని పడగొట్టింది, ఇక్కడ కూడా చాలా పోయాయి. పోగా మిగిలిందే ఇంత నీడ.

1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మొదలైంది ఈ సంస్థ. అందుకే లోపల ఒక రోడ్డు పేరు బాన్ ఎవెన్యూ, అప్పట్లో ఆ దేశానికి రాజధాని బాన్. మనకి దగ్గరి సంగతి ఇంకొకటుంది. ఈ సర్దార్ పటేల్ రోడ్డు మీదే తోళ్ళ పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ ఉంది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు దానికి డైరెక్టర్‌గా చేశారు. అమ్మకి ఆ మాట చెప్తే, ఐఐటీని వదిలేసి ఆ గేటు ఎక్కడుందో చూపించమంది.

సరే, జింకల దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కెమెరా కొంచెం కిందికి దించుతున్నా, చప్పుడు చేయకూడదు. అదిగో, ఒంటి మీద తెల్ల చుక్కలున్నది చుక్కల జింక, తెలంగాణ రాష్ట్ర జంతువు. రోడ్డు పక్కన మన ఊళ్ళో ఆవు మేసినంత నింపాదిగా మేస్తోంది. రెండోది ఇంత తేలిగ్గా కనపడదు. గడ్డి మైదానం వైపు గంటసేపు కాచుకుంటే దూరంగా ఒకటి దొరికింది. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కంటి చుట్టూ సున్నం రాసినట్టు తెల్లటి వలయం, కొమ్ములు మెలికలు తిరిగి పైకి లేచి ఉన్నాయి. కృష్ణజింక, మగది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు! విడిపోయిన రెండు రాష్ట్రాలూ తమిళనాడులో ఒకే కాంపౌండులో గడ్డి మేస్తున్నాయన్నమాట. కాకపోతే చుక్కల జింక చెట్ల మధ్య కూడా బతికేస్తుంది, కృష్ణజింకకి మాత్రం కళ్ళకి అడ్డం లేని బయలు కావాలి. బిల్డింగు కట్టాలన్నా కావాల్సింది అదే బయలు. ఇంత పేరున్న చోట కొత్త బిల్డింగులు ఆగవు. ఆ జింకని చూసినంతసేపూ నాకు అదే టెన్షన్.

ఇక కోతి. నెత్తిన జుట్టు పాపిడి తీసి దువ్వినట్టుంటుంది. బస్సు కోసం నిలబడ్డాం, అమ్మ చేతిలో కవర్. ఎక్కణ్ణుంచి దిగిందో, కవర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆవకాయ సీసా జోలికి పోలేదు, సున్నుండల డబ్బా మాత్రం ఎత్తుకుపోయింది. పిట్టగోడ మీద కూర్చుని, మూత పంటితో లాగి, ఒకటి తిని ఇంకొకటి దవడలో దాచుకుంది. అమ్మ కింద నుంచి, "ఓరి నీ దుంపతెగ, అవి మావాడివిరా!" ఈ గొడవలో నేను రికార్డు బటన్ నొక్కడం మర్చిపోయా, క్షమించాలి. అటుగా సైకిల్ మీద పోతున్న ఒకమ్మాయి ఆగి, కోతి పారేసిన డబ్బా, చిరిగిన కవర్ తీసి తన బుట్టలో వేసుకుంది. జింకలు ప్లాస్టిక్ నమిలేస్తాయట, అది కడుపులో ఉండిపోయి ప్రాణం మీదికి వస్తుందట. తప్పు మాదే. లోపలికొచ్చేటప్పుడు తినేవి కవర్లో వేలాడేసుకుని రాకండి, బ్యాగులో పెట్టి జిప్ వేయండి.

హాస్టళ్ళకి నదుల పేర్లు పెట్టారు. కృష్ణ, గోదావరి, కావేరి, నర్మద, తపతి, మన కాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి కూడా ఉంది. మావాడు గోదావరి. "అక్కా, కృష్ణకెళ్ళి ఇప్పుడే వస్తా" అంటాడు, పట్టిసీమ ఎత్తిపోతలు అక్కర్లేకుండానే. మెస్సుల బిల్డింగ్ పేరేమో హిమాలయ.

ఆటలకి వాట్సా స్టేడియం, స్విమ్మింగ్ పూల్ ఉన్నాయి. చెట్ల మధ్యలో ఉన్న కెంప్లాస్ట్ క్రికెట్ గ్రౌండ్ మాత్రం అసలు అందం. బౌండరీ లైను అవతలే అడవి. ఓపెన్ ఎయిర్ థియేటర్ మెట్ల మీద కూర్చున్నాం. జనవరిలో సారంగ్ అనే స్టూడెంట్ల పండగకి కచేరీలు జరిగేది ఇక్కడే. రాతి మెట్లు సాయంత్రం దాకా వేడి వదల్లేదు. రెండు ఏనుగు బొమ్మలుండే గజేంద్ర సర్కిల్‌ని అందరూ జీసీ అనే అంటారు. ఎవరినైనా దారి అడిగితే ముందు అదే చెప్తారు.

దూరాలే బాధ. గేటు నుంచి హాస్టళ్ళ వైపు నడిస్తే చెన్నై ఉక్కకి చొక్కా పిండుకోవాల్సిందే. లోపల తిరిగే బస్సులున్నా పిల్లలకి సైకిల్ తప్పదు. సాయంత్రమైతే దోమలు, వాన పడితే పాములు. అడవిలో ఉంటున్నప్పుడు వాటి గురించి ఎవరికి ఫిర్యాదు చేస్తాం? దోమతెర, టార్చి సామాన్లలో ముందే రాసుకోండి.

మెట్రో కాదు, వేళచ్చేరి వైపు వెళ్ళే ఎమ్మార్టీఎస్ లోకల్ రైలెక్కి కస్తూర్బా నగర్‌లో దిగితే అక్కణ్ణుంచి ఆటోకి దగ్గరే.

నా మార్కులు? నీడకి పదికి పది, నడకకి ఆరు, కోతికి పదకొండు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నాన్నకి ఫోన్ చేసింది. క్లాసు సంగతి లేదు, ల్యాబు సంగతి లేదు. "వాడు గోదావరిలో ఉంటున్నాడండీ. లేదు లేదు, హాస్టల్ పేరు. సున్నుండలా? కోతి తినేసింది. ఆవకాయ ముట్టలేదులెండి."