ఎర్రనీరా, వాననీరా?

(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు అమలాపురంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం అండి.

నన్ను వినియోగదారుల చట్టం గురించి మాట్లాడమన్నారు. చట్టం చెప్పడానికి లాయర్లున్నారు, ముందు వరసలోనే ఇద్దరు కూర్చున్నారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. నాకు తెలిసిందల్లా ఒక్క కారు, ఆ కారులో ఎడమపక్క ముందు సీటు కింద చేరిన నీళ్ళు. వాటి గురించే చెబుతాను. దారిలో చట్టం తగిలితే తగులుతుంది.

మన వైపు గేదెను ఎలా కొంటామండీ? పళ్ళు చూస్తాం, సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం. రెండు పూటలు దగ్గరుండి పాలు పితికించి చూస్తే గాని బయానా చేతిలో పెట్టం. మరి తొమ్మిది లక్షల కారు కొనేటప్పుడు నేనేం చూశాను? ముహూర్తం చూశాను. షోరూములో కారు మీద ఎర్రగుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ లాగాం. అట్టతో చేసిన రెండు మూరల తాళంచెవి పట్టుకుని ఫోటో దిగాం. కేకు కోశాం. టైరు కింద నిమ్మకాయ పెట్టడానికి నేనే వంగాను. ఆ టైరు మీదే, కోడిగుడ్డు ఆకారపు గీత మధ్య నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే ఆ టైరు 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. నా ముక్కుకి జానెడు దూరంలో ఉన్నాయి ఆ అంకెలు. నిమ్మకాయ సరిగ్గా ఉందా లేదా అని మాత్రం చూసుకుని లేచాను.

కారు తయారైన నెల, సంవత్సరం కంపెనీ ఇచ్చే ఫారం 22 అనే కాగితంలో ఉంటాయి. ఆ కాగితం రిజిస్ట్రేషన్‌కి ముందే అడిగి చూడాలి. నంబరు పడ్డాక మన మాట చెల్లదు, "మీ బండే కదండీ" అంటారు. గోవాలో ఒకాయన 2011 మోడల్ అనుకుని డబ్బు కడితే డీలరు 2009లో తయారైన బండి అంటగట్టాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021లో కోర్టు ఏమందంటే, తప్పు డీలరుది, కంపెనీకి ఆ సంగతి తెలుసని రుజువు కానప్పుడు కంపెనీ మీద వేయలేం అంది. డీలరు కంపెనీకి గుమాస్తా కాదు, కంపెనీ దగ్గర కొని మనకు అమ్ముకునే వ్యాపారి అని లెక్క. మన దృష్టిలో మాత్రం బోర్డు మీద ఎవరి పేరుంటే వాళ్ళే అమ్మినట్టు! అందుకని ఫిర్యాదు రాస్తే ఇద్దరి పేర్లూ రాయండి. ఎవరిది ఏ తప్పో వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు.

సరే, నీళ్ళ దగ్గరికి వస్తాను. కొన్న ఎనిమిదో నెలలో, శ్రావణమాసం వానల్లో, మా ఆవిడ కారెక్కగానే "తడిసిన గోనెసంచి వాసన వస్తోంది" అంది. నేను నమ్మలేదు. ఆవిడ మ్యాటు ఎత్తి పిండింది. గ్లాసుడు నీళ్ళు.

షోరూముకి వెళ్ళాను. ఏ ఊరో, ఏ కంపెనీయో చెప్పను. మన ఊరి నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు, పోను రాను ఒక పూట పని. అక్కడ సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు నా దగ్గర ఇంటర్ చదువుకున్నవాడే. లేచి నిలబడి, కాఫీ తెప్పించి, అంతా విని, నవ్వుతూ అన్నాడు: "ఆయ్, మాస్టారూ, మీది కోనసీమ కదండీ. వరద నీళ్ళలో దింపుంటారు."

ఈ మాట ఇక్కడ కారున్న ప్రతివాళ్ళూ వినే ఉంటారు. సస్పెన్షన్ చప్పుడు చేస్తే మన రోడ్లు. తుప్పు పడితే అంతర్వేది, ఓడలరేవు నుంచి వచ్చే ఉప్పుగాలి. పెట్రోలు తాగితే మన తోలకం. నీళ్ళొస్తే గోదావరి. చిక్కేమిటంటే ఇందులో ప్రతిదీ కొంత నిజమే. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు మన లంకల్లో ఎన్ని బళ్ళు మునిగాయో మీకు తెలుసు. కొంత నిజం ఉంది కాబట్టే మనకి ఎదురు చెప్పడానికి నోరు రాదు. "అవునేమో, ఆ రోజు పుల్లేటికుర్రు వెళ్ళేటప్పుడు గుంటలో దిగింది కదా" అని మనకి మనమే సాక్ష్యం చెప్పుకుంటాం.

అక్కడ కంప్యూటర్లో తయారయ్యే కాగితాన్ని జాబ్ కార్డు అంటారు. నేను చెప్పింది ఇది: "వాన పడినప్పుడల్లా ఎడమపక్క ముందు కాళ్ళ దగ్గర నీరు చేరుతోంది. కదలకుండా ఇంటి ముందు ఆపి ఉంచినా చేరుతోంది." కుర్రాడు కొట్టింది ఇది: "మ్యాట్ వెట్, చెక్." నేను సంతకం పెట్టాను. రెండోసారి వెళ్ళినప్పుడు "ఇంటీరియర్ క్లీనింగ్" అని రాసి 1,400 రూపాయలు తీసుకున్నారు. మూడోసారి కాగితం చివర "కస్టమర్ సంతృప్తి చెందారు" అని ఉంది. దాని కిందా సంతకం పెట్టాను. ముప్ఫై ఏళ్ళు పిల్లల రికార్డు పుస్తకాల్లో పరిశీలన సరిగ్గా రాయలేదని ఎర్రసిరాతో కొట్టేసినవాణ్ణి నేను!

అంతకంటే సిగ్గుపడే సంగతి ఒకటుంది. మూడోసారి వచ్చిన రెండు రోజులకి కుర్రాడు ఫోన్ చేశాడు. "కంపెనీ నుంచి కాల్ వస్తదండి మాస్టారూ, పదికి పది ఇవ్వండి, తొమ్మిదిచ్చినా మా ఇన్సెంటివ్ పోతాదండి." వాడికి ఈ మధ్యనే పెళ్ళయింది. ఫోనొచ్చింది. పదికి పది ఇచ్చాను. ఇస్తున్నప్పుడు నా ఎడమకాలి చెప్పు కింద మ్యాటు చప్‌చప్‌మంటోంది. ఏడాది తర్వాత, నా నోటీసుకి వాళ్ళ లాయరు ఇచ్చిన జవాబులో మూడో పేరా ఏమిటనుకున్నారు? "సదరు వినియోగదారుడు మా సేవలకు పదికి పది మార్కులు ఇచ్చి ఉన్నారు."

కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికి నెలకి ఇన్ని బళ్ళని టార్గెట్. వారంటీ పనికి డీలరుకి కంపెనీయే డబ్బివ్వాలి. దానికి ఫోటోలు పంపాలి, పాత పార్టు దాచి చూపాలి, కంపెనీ ఒప్పుకోకపోతే ఆ ఖర్చు డీలరు నెత్తిన పడుతుంది. లోపం ఎక్కడుందో వెతకడానికి పట్టే రెండు రోజులకి సరిగ్గా లెక్క కట్టేవాళ్ళు లేరు. అందుకని వెతకరు. తుడుస్తారు.

వెతికింది మా వీధి చివర షెడ్డు మెకానిక్. పదో తరగతి తప్పాడు. నేను ముందు నా ఫిజిక్స్ చెప్పాను: "ఏసీ గొట్టం పూడిందేమో, గాలిలో తేమ చల్లబడి..." అతను వినలేదు. "ఏసీ వాడకుండా కూడా వస్తాంది కదండీ" అన్నాడు, అంతే. సీటు విప్పి కార్పెట్ ఎత్తాడు. కింద మందపాటి స్పాంజి, ఇడ్లీ సాంబార్లో నానినట్టు నానిపోయి ఉంది. స్పాంజి తీసి కింద రేకు మీద వేలితో రాసి ఆ వేలు నాకు చూపించాడు.

"ఒండ్రు లేదండి" అన్నాడు.

ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. వరదరోజుల్లో గోదావరి నీరు ఎర్రగా ఉంటుంది. గుమ్మంలోకి వచ్చి తీసిందంటే వేలెడు బురద వదిలి పోతుంది. గోడల మీద ఆ చార సున్నం కొట్టినా కనిపిస్తుంది. ఎర్రనీరు కారులోకి వచ్చి ఉంటే కార్పెట్ కింద మట్టి ఉండాలి. నా కారులో రేకు కడిగిన పళ్ళెంలా ఉంది. అది వాననీరు, పైనుంచి వచ్చింది.

తర్వాత మా ఆవిణ్ణి మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా అడిగాడు. లోపలి వైపు, అద్దం అంచు నుంచి కాళ్ళ దగ్గరి దాకా రేకుల అతుకుల మీద పౌడర్ చల్లాడు. తలుపులు మూసి, బయట పైపుతో ముందు అద్దం మీద సన్నగా నీళ్ళు వదలమన్నాడు. పది నిమిషాలైంది. టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడర్ మీద ఒకే ఒక సన్నటి గీత. వైపర్ల కింది నల్ల ప్లాస్టిక్ పలక వెనక, రెండు రేకులు కలిసే చోట నీళ్ళు చొరకుండా పూసే సీలెంట్ బెత్తెడు మేర పట్టలేదు. ఫ్యాక్టరీలోనే వదిలేశారు. దాని మొత్తం వీడియో తీశాం. అతను తీసుకున్నది రెండు వందలు. పౌడర్ డబ్బా మాది.

ఇక్కడి నుంచి నా కారుకథ కాగితాల కథ అయింది. నాలుగోసారి వెళ్ళినప్పుడు జాబ్ కార్డులో నా మాటలు నా మాటలుగా ఎక్కే దాకా కుర్చీలోంచి లేవలేదు. "కార్పెట్ కింద ఒండ్రు లేదు" అన్న వాక్యం కూడా తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టించాను. ఆ కాగితం, వీడియో, ఛాసిస్ నంబరు కలిపి కంపెనీకి మెయిల్ పెట్టాను. తర్వాత నోటీసు.

లాయరుగారు మొదటే చెప్పారు, కొత్త కారు ఇమ్మని అడగొచ్చు గాని ఆశ పెట్టుకోకండి అని. 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో, వారంటీలో పార్టు మారుస్తామని రాసి ఉంటే ఆ మేరకే బాధ్యత, బండి మొత్తం మార్చమనడం కుదరదంది. చెడిన పార్టుకి పార్టు. గోడ పగిలిందని ఇల్లు మార్చరు కదండీ. అయితే 2022లో అదే కోర్టు ఇచ్చిన ఇంకో తీర్పు నాకు బాగా నచ్చింది. 2017లో ఢిల్లీ–పానిపట్ రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఒక కారులో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తగిలిన దెబ్బ బలం చాలలేదు, అందుకే తెరుచుకోలేదని కంపెనీ వాదన. వేగం, బలం లెక్కలు కట్టుకోవడానికి వినియోగదారుడు ఫిజిక్స్ నిపుణుడు కానక్కర్లేదని కోర్టు అంది. ఆ వాక్యం చదివి నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నిపుణుడై ఉండి కూడా నేను చేసిందేముంది!

ఇక పనికొచ్చే ముక్కలు గబగబా చెప్పేస్తాను. 2020 జులై నుంచి అమలైన కొత్త వినియోగదారుల చట్టంలో, మీరు ఎక్కడ ఉంటే అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేసుకోవచ్చు. కారు విశాఖలో కొన్నా సరే, విశాఖ వెళ్ళక్కర్లేదు. 50 లక్షల లోపు కొన్నవి జిల్లా కమిషన్ చూస్తుంది. ఫీజు అయిదు లక్షల వరకూ లేదు, అయిదు నుంచి పది లక్షల దాకా 200 రూపాయలు. కేసు వేయడానికి గడువు రెండేళ్ళు. మీ కాగితాలు మీరే పెట్టుకుని లాయరు లేకుండా కూడా వాదించుకోవచ్చు. టాక్సీ తోలుకుని బతికేవాళ్ళు, "నాది వ్యాపారం కదా" అని వెనక్కి తగ్గకండి, సొంత జీవనోపాధికి కొన్నది చట్టం దృష్టిలో వ్యాపారం కాదు. ముందు ఫోన్లో అడిగి చూడాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 1915. లోపం పైకి కనిపించనిదైతే కమిషనే ల్యాబుకి పంపగలదు. అది అడగడం మర్చిపోకండి, చాలా కేసులు నిపుణుడి నివేదిక లేకనే పోతున్నాయి. ఒకే లోపం ఎన్నో బళ్ళలో ఉంటే కంపెనీ చేత వెనక్కి రప్పించే అధికారం 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వానికి ఉంది. ఏడేళ్ళ లోపు బళ్ళకే అది.

వరద మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బండి నిజంగా మునిగితే మాత్రం తాళం తిప్పకండి. ఇంజన్లోకి నీళ్ళు వెళ్ళాక స్టార్ట్ చేసి పాడు చేస్తే మామూలు ఇన్సూరెన్సు ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టి ఉండాలి. తోసుకునో లాక్కునో వెళ్ళండి.

నా కేసు ఏమైందని అడుగుతారు. మధ్యవర్తిత్వానికి పంపారు, అక్కడే రాజీ పడ్డాం. ఉచితంగా సీలు వేశారు, తడిసిన వైరింగు, స్పాంజి మార్చారు, ఖర్చుల కింద 35,000 ఇచ్చారు. మా ఆవిడ దృష్టిలో నేను తొందరపడ్డాను, ఇంకో ఆరు నెలలు నిలబడి ఉంటే తీర్పు వచ్చేది, తీర్పు వస్తే ఇంకొకరికి పనికొచ్చేది. ఆవిడ మాట తీసిపారేయలేను. సంతకం పెట్టేటప్పుడు ఎదురుగా ఆ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అంతకంటే కారణం అడగకండి.

నాలుగు జాబ్ కార్డులూ జిరాక్సు తీయించి ఈ బల్ల మీద పెట్టాను. మొదటిదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టి చదవండి. బయట కొబ్బరిచెట్టు కింద ఉన్న బూడిదరంగు కారు నాదే, తాళం వేయలేదు. పొద్దున్న వాన పడింది కదా, ఎడమపక్క తలుపు తీసి చేత్తో తడిమి చూసుకోవచ్చు. ఎవరి బండిలోనైనా నీళ్ళొస్తున్నాయంటే టీ తాగాక నా దగ్గరికి రండి, పౌడర్ డబ్బా డాష్‌బోర్డులోనే ఉంది.