గురువారం నాది కాదు

(పలాసలో డయాలసిస్ రోగుల ఇంటివాళ్ల సమావేశంలో మాట్లాడినది)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లే. మన ఉద్దానం ఊళ్లలో ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పేదేముంది? 2023 డిసెంబరులో ఇక్కడే 200 పడకల ఆసుపత్రి వచ్చాక దూరాభారం కొంత తగ్గింది. మంచం మీదున్న మనిషి గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఆ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే మనిషి గురించి నేను మాట్లాడతాను.

మా మావయ్యకి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మిషను మీద నాలుగు గంటలే గానీ, ఆటో ఎక్కి మళ్లీ గుమ్మంలో దిగేసరికి రోజైపోయేది. జీడిపిక్కల పని మానుకుని ఏడాదిపాటు మూడు రోజులూ నేనే వెళ్లాను. వెళ్లమని ఎవరూ అనలేదు. వెళ్తోంది కదా అని అందరికీ అలవాటైపోయింది, నాక్కూడా.

అసలు గొడవ నీళ్ల దగ్గర. డాక్టరు రోజుకి ఇంతేనని కొలత చెప్పారు. రాత్రి రెండింటికి "ఒక్క గుక్కమ్మా" అనేవారు. ఇస్తే ఆయాసం, ఇవ్వకపోతే నేను రాక్షసిని. పెరట్లో 2018 తిత్లీ తుఫానుకి పడగా మిగిలిన కొబ్బరిచెట్లు, ఆయన చేత్తో పెట్టినవే. ఆ బొండం ఆయన తాగకూడదు. ఆడపడుచు హైదరాబాదు నుంచి ఫోన్లో "ఒక్క బొండానికి ఏటైపోతాది వదినా?" అనేది. ఏటైపోతాదంటే, బొండంలో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

ఓ రోజు చేతిలో గిన్నె నేలకేసి కొట్టాను. ఆ రోజు ఏమీ చెప్పలేదు. కోపంలో చెబితే "అలిసిపోయింది పాపం" అని టీ ఇచ్చి ఊరుకుంటారు. నాలుగో రోజు చెప్పాను. "మావయ్యా, మీ నీళ్లు పొద్దున్నే సీసాలో పోసి పెడతాను. ఎప్పుడు తాగుతారో మీ ఇష్టం. అయిపోతే నన్ను లేపొద్దు. ఆయాసమొస్తే మాత్రం ఏ వేళైనా లేపండి." రెండు రోజులు మధ్యాహ్నానికే సీసా ఖాళీ. మూడోనాడు మూతతో కొలుచుకుని తాగుతున్నారు. చంటిపిల్లాణ్ణి చేసింది మేమే.

మరిదితో, "గురువారం నాది కాదు. నువ్వెళ్తావో, మనిషిని పెడతావో చూసుకో" అన్నాను. కారణం చెప్పలేదు. నడుం నొప్పి అంటే మాత్ర తెచ్చిస్తారు. మొదటి గురువారం ఆటో వచ్చి నిలబడింది, మరిది జాడ లేదు. నా చేతులు వణికాయి. అరగంటకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. రాకపోతే నేనే వెళ్లేదాన్ని, అబద్ధమెందుకు? డయాలసిస్ తప్పించి పంతం నెగ్గించుకోకూడదు. అందుకే ముందే ఇంకో మనిషిని చూసి పెట్టుకోండి.

బోరింగు దగ్గర "కోడలు మామని వదిలేసింది" అన్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో సంతానమంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాశారు. కోడలి మాట లేదు! అయినా నేను రెండు రోజులు వెళ్తున్నాను.

నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని, మనసు బాగోనివాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

గురువారాలు ఏం చేస్తావని ఇందాక ఒకామె అడిగింది. మొదట్లో నిద్రపోయేదాన్ని. ఇప్పుడు మళ్లీ పిక్కల పనికి వెళ్తున్నాను.

మావయ్యని మిషను మీంచి దింపే వేళైంది. ఇవాళ శనివారం, నా వంతే. వెళ్లొస్తాను.