సుందరయ్య గారి సైకిలు, సుందరయ్య గారి నినాదం

(నెల్లూరు జిల్లా కోవూరులో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య వర్ధంతి సభలో చేసిన ప్రసంగం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక వరసల్లో నిలబడి ఉన్న విద్యార్థులకు నమస్కారం.

కోవూరులో నిలబడి సుందరయ్య గారి గురించి చెప్పడమంటే ఇంటి మనిషి సంగతి ఇంటివాళ్లకు చెప్పడమే. ఆయన 1913 మే 1న పుట్టిన అలగానిపాడు మన పక్క ఊరే. 1985 మే 19న పోయారు. అందుకే ఆయన జీవిత చరిత్ర మొదట్నుంచీ చెప్పను. ఆయన పోయిన తర్వాత మన మనసుల్లో ఏ బొమ్మ మిగిలింది, ఏ మాట మిగిలింది, ఏది జారిపోయింది అన్నదాని మీదే మాట్లాడతాను.

నెల్లూరులో ఎవర్నన్నా అడిగి చూడండి. పార్లమెంటుకు సైకిలు మీద పోయేవాడంట అంటారు. తన వాటా ఆస్తి పార్టీకి ఇచ్చేశాడంట, పెళ్లి చేసుకుని కూడా పిల్లలు వద్దనుకున్నారంట అంటారు. ఆఖర్న ‘కమ్యూనిస్టు గాంధీ’ అని దణ్ణం పెడతారు. అవన్నీ నిజాలే. 1952లో రాజ్యసభకు వెళ్లి, అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడిగా ఉన్న మనిషి ఢిల్లీ వీధుల్లో సైకిలు తొక్కాడు. 1943లో లీల గారిని పెళ్లి చేసుకున్నాక, ప్రజల పనికి అడ్డం రాకూడదని ఇద్దరూ కలిసి పిల్లలు వద్దనుకున్నారు. ఇంతటి నిష్ఠ ఉన్న నాయకుడు మన జిల్లాలో పుట్టాడంటే నాకు గర్వమే.

ఆ బిరుదులో కొంత న్యాయం కూడా ఉంది. ఆయన ప్రజా జీవితం మొదలైంది గాంధీ గారి పిలుపుతోనే. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆయనకు పదిహేడేళ్లు. మద్రాసు లయోలా కాలేజీలో చదువు వదిలేసి ఉద్యమంలో దూకి జైలుకు వెళ్లారు. బయటికొచ్చాక కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పేరులోని కులం తీసేసి సుందరయ్యగా మిగిలారు. ఈ రోజుల్లో పేరు చివర కులం కొత్తగా తగిలించుకుంటున్న పిల్లలకు ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా చెప్పాలి.

అయితే ఆ బిరుదుతో నాకొక బాధ ఉంది. సైకిలు బొమ్మకు దండ వేయడం ఎవరికీ కష్టం కాదు. వందల ఎకరాలున్న ఆసామీ వేస్తాడు, అన్ని పార్టీల వాళ్లూ వేస్తారు. ‘నిరాడంబరుడు, నిస్వార్థపరుడు’ అని మైకులో చెప్పి కారెక్కి వెళ్లిపోతారు. సుందరయ్య గారి నినాదం ఏమిటని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఎందుకంటే ఆ నినాదం ‘దున్నేవాడికే భూమి’. ఆ మాట అంటే తన పొలం ఎవరు దున్నుతున్నారో చెప్పాల్సి వస్తుంది.

ఈ నినాదం ఆయన పుస్తకాల్లో నేర్చుకున్నది మాత్రమే కాదు. భూములున్న ఇంట్లో పుట్టి, సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టారు. దళితులతో కలిసి భోజనం చేశారు. బయటి ఊరికెళ్లి విప్లవం మాట్లాడటం కొంత సులభం. తన చుట్టాల పొలాల్లో కూలి పెంచమని అడగడానికి ఎంత గుండె కావాలో పల్లెలో పుట్టిన వాళ్లకు తెలుసు.

తర్వాత ఆ నినాదం తెలంగాణ పల్లెల్లో పనిచేసింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం మీద ఆయనే 1972లో పుస్తకం రాశారు. అందులో ఆయన ఇచ్చిన లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. 4,000 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. సైకిలు కథ చెప్పేవాళ్లు ఈ అంకెలు కూడా చెప్పాలని నేను కోరుతున్నాను.

ఇంకో నినాదం, ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’. 1946లో ఆ పేరుతోనే ఆయన చిన్న పుస్తకం రాశారు. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది, మొదటి సగం నెరవేరిందన్నారు. 2014లో అదీ రెండైంది. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది, ఆ చర్చలోకి వెళ్లను. రెండో సగం సంగతేమిటి? సరిహద్దుల గురించి అరవై ఏళ్లు కొట్లాడుకున్నాం గానీ, ఆ సరిహద్దుల లోపల రాజ్యం ఎవరిది అన్న ప్రశ్న ఆయనతోనే వదిలేశాం.

పదవి విషయంలోనూ మనం తలుచుకోనిది ఒకటుంది. 1964లో సీపీఎం ఏర్పడినప్పటి నుంచి ఆయనే ప్రధాన కార్యదర్శి. ఎమర్జెన్సీ రోజుల్లో పార్టీ పట్టిన దారి తప్పనిపించింది. కారణాలు వివరంగా రాసి రాజీనామా ఇచ్చారు. పదవి వదిలారు గానీ పార్టీని వదల్లేదు. గన్నవరం నుంచి 1978లో మళ్లీ అసెంబ్లీకి వచ్చారు.

నా మనసులో నిలిచిన సుందరయ్య వేరే. 1974లో ఆయనకు అరవై దాటాయి. ఆ వయసులో గుంటూరు జిల్లా అనంతవరం గ్రామాన్ని సర్వే చేయించారు. ఏ ఇంటికి ఎంత భూమి, సొంతంగా దున్నుతారా, కౌలుకిస్తారా, కూలికి పోతారా, కూలికి పెట్టుకుంటారా అని విడదీసి చూసి, ఊళ్లో ఏ వర్గం చేతిలో ఏముందో 1977లో వ్యాసంగా అచ్చువేశారు. ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకులు అదే ఊరిని మళ్లీ సర్వే చేశారంటే, ఆయన వేసిన పునాది ఎంత గట్టిదో చూడండి. నినాదం ఇచ్చిన మనిషే, ఊరు మారుతోంది, మళ్లీ లెక్క చూడాలి అనుకున్నాడు. నేను దండం పెట్టేది ఆ పనికి.

మన పెన్నా డెల్టాలో ఇవాళ పొలం ఒకరి పేరున ఉంటుంది, నారు పోసేది ఇంకొకరు. ఎకరానికి ఇన్ని పుట్ల వడ్లని గుత్త, అంటే కౌలు, మాట్లాడుకుంటారు. కాగితం ఉండదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. ఆయన పెట్టనంటే పంట రుణం లేదు, పంట పోతే పరిహారం దక్కడం కష్టం. వరదొచ్చినా, ధర పడిపోయినా మునిగేది దున్నినవాడే.

అందుకని ఇక్కడున్న డిగ్రీ పిల్లలను ఒకటి అడుగుతున్నాను. ఈ వేసవి సెలవుల్లో మీ సొంత ఊరు తీసుకోండి, ఇంకో ఊరు వద్దు. ఇంటింటికీ వెళ్లి సొంత భూమి ఎంత, గుత్తకు చేసేది ఎంత, కార్డు ఉందా లేదా రాయండి. ఆడవాళ్ల పేరున ఎంతుందో వేరే వరసలో రాయండి. సుందరయ్య గారి వ్యాసంలోని పట్టికలు తెలుగులో రాసుకుని తెచ్చాను, నమూనాకు పనికొస్తాయి. వస్తామనేవాళ్లు సభ అయ్యాక ఈ బల్ల దగ్గరికి వచ్చి పేరు, ఊరు రాయించండి. అలగానిపాడు నుంచి ఎవరన్నా ఉంటే ముందు మీరే రండి.