చిన్న ఆటల క్లబ్బు, బార్ లైసెన్సు: డబ్బు ఎక్కడ పోతుంది

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్, వేల్స్‌లలో చిన్న క్రికెట్, ఫుట్‌బాల్, బౌల్స్ క్లబ్బుల కమిటీల్లో పనిచేస్తున్న వారి కోసం ఈ ప్రసంగం. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ చట్టాలు వేరు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

క్లబ్బులో బార్ పెట్టాలనగానే కమిటీలో వచ్చే మొదటి ప్రశ్న "ఫీజు ఎంత?" అని. దానికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది: మీ బార్‌లో తాగేది ఎవరు? సభ్యులూ వారి అతిథులూ మాత్రమేనా, లేక హాలు అద్దెకు తీసుకున్న పెళ్లివారూ, దారినపోయే వారూ కూడానా? 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కింద మీరు ఏ కాగితం తీసుకోవాలో దీన్నిబట్టే తేలుతుంది.

సభ్యులకూ అతిథులకూ మాత్రమే అయితే క్లబ్ ప్రిమైసెస్ సర్టిఫికెట్ చాలు. అందరికీ అమ్మాలంటే ప్రిమైసెస్ లైసెన్సు కావాలి. రెండింటికీ దరఖాస్తు ఫీజు, ఏటా కట్టే ఫీజు ఒకటే. తేడా అంతా మనుషుల దగ్గర వస్తుంది. లైసెన్సుకు, మద్యం అమ్మకాలకు బాధ్యత వహించే ఒక సూపర్‌వైజర్ పేరు ఇవ్వాలి. ఆయనకు పర్సనల్ లైసెన్సు, అంటే మద్యం అమ్మకానికి వ్యక్తికిచ్చే అనుమతి, ఉండాలి. దాని ఫీజు 37 పౌండ్లు, శిక్షణ ఖర్చూ నేర చరిత్ర తనిఖీ ఖర్చూ అదనం. ఆయన తప్పుకుంటే కొత్త పేరు నమోదుకు 23 పౌండ్లు, సూపర్‌వైజర్ లేనంతకాలం అమ్మకం బంద్. స్వచ్ఛంద సేవకులతో నడిచే క్లబ్బుకు ఇది పెద్ద బరువు. సర్టిఫికెట్‌కు ఈ బాదరబందీ ఏదీ లేదు.

దానికి షరతులు మాత్రం గట్టివే. కనీసం 25 మంది సభ్యులుండాలి. సభ్యత్వానికి దరఖాస్తు చేసిన రోజుకూ చేర్చుకునే రోజుకూ మధ్య కనీసం రెండు రోజుల వ్యవధి ఉండాలి. గేటు దగ్గర డబ్బు తీసుకుని అక్కడికక్కడే కార్డు చేతిలో పెడితే కుదరదు. మద్యం కొనుగోలు, సరఫరా చూసేది సభ్యులు ఎన్నుకున్న, 18 ఏళ్లు నిండిన వారి కమిటీ అయి ఉండాలి. కొనుగోళ్ల మీద ఎవరికీ కమీషన్ ముట్టకూడదు. బార్ చూసే మనిషికి జీతం ఇవ్వండి, తప్పులేదు. అమ్మకంలో వాటా మాత్రం ఇవ్వకండి. అవతలి జట్టు ఆటగాళ్ల సంగతి చాలామంది అడుగుతారు. క్లబ్బు ఆహ్వానం మీద వచ్చినవారు అతిథులే. నిబంధనావళిలో ఆ మాట స్పష్టంగా రాసుకోండి.

ఇక ఫీజు. ఇది మీ భవనం రేటబుల్ వాల్యూను, అంటే పన్ను లెక్క కోసం ప్రభుత్వం అంచనా కట్టే వార్షిక అద్దె విలువను, బట్టి ఉంటుంది. 4,300 పౌండ్ల వరకు 'ఏ' బ్యాండ్: దరఖాస్తుకు 100, తర్వాత ఏటా 70. 33,000 వరకు బి బ్యాండ్: 190, ఏటా 180. 87,000 వరకు సి: 315, ఏటా 295. చిన్న క్లబ్బులు సాధారణంగా మొదటి రెండింటిలోనే ఉంటాయి. 2005లో పెట్టిన ఫీజులే ఇవి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పన్ను శాఖ దగ్గర కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్బుగా నమోదైతే బిజినెస్ రేట్స్‌లో (ఇళ్లు కాని భవనాల మీద వేసే స్థానిక పన్నులో) 80 శాతం తగ్గింపు వస్తుంది కదా, లైసెన్సు ఫీజూ తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. తగ్గేది కట్టే పన్ను, రేటబుల్ వాల్యూ కాదు. ఆ విలువల పునఃమదింపు జరిగినప్పుడల్లా మీ అంకె చూసుకోండి. 4,300 గీత దాటితే ఏటా 70 కాస్తా 180 అవుతుంది.

ఏడాదికి నాలుగైదు సార్లే బార్ తెరిచే క్లబ్బుకు అసలు సర్టిఫికెట్ అవసరమా? ఒక్కో కార్యక్రమానికి 21 పౌండ్లతో టెంపరరీ ఈవెంట్ నోటీసు ఇవ్వొచ్చు, అంటే ఆ రోజుకు మద్యం అమ్ముతామని స్థానిక కౌన్సిల్‌కు ముందే తెలపడం. లెక్క వేయండి: 'ఏ' బ్యాండ్‌లో మూడు నోటీసులు 63 పౌండ్లు, నాలుగు 84. అంటే ఏడాది ఫీజు 70ని నాలుగో నోటీసే దాటేస్తుంది. బి బ్యాండ్‌లో ఎనిమిది నోటీసుల దాకా, అంటే 168 పౌండ్ల దాకా, నోటీసే చవక. పైగా నోటీసు మీద బయటివారికీ అమ్మొచ్చు. అందుకే సర్టిఫికెట్ ఉన్న క్లబ్బు కూడా హాలు అద్దెకిచ్చి బయటివారికి అమ్మే రోజు కోసం ముందుగా నోటీసు ఇవ్వాలి. అద్దెలు అరుదుగా ఉండే క్లబ్బుకు సర్టిఫికెట్, దానికి తోడు నోటీసులు, ఈ జోడీయే సరైనదని నా అభిప్రాయం.

నోటీసుకు హద్దులున్నాయి. పనివాళ్లతో కలిపి ఒకేసారి 499 మందికి మించకూడదు. ఒక స్థలానికి ఏడాదికి 15 నోటీసులు, మొత్తం 21 రోజులు. పర్సనల్ లైసెన్సు లేని మనిషి ఏడాదికి ఐదే ఇవ్వగలడు. కౌన్సిల్‌కు పది పూర్తి పనిదినాల ముందు చేరాలి. ఇచ్చిన రోజు, కార్యక్రమం రోజు లెక్కలోకి రావు. ఐదు నుంచి తొమ్మిది పనిదినాల ముందైతే ఆలస్యపు నోటీసు. దానికి పోలీసులో పర్యావరణ ఆరోగ్య విభాగమో అభ్యంతరం చెబితే విచారణ ఉండదు, ఆ రోజు బార్ ఉండదు. "మద్యం ఉచితం, టికెట్ మాత్రం పది పౌండ్లు" అన్నా అది అమ్మకం కిందికే వస్తుంది.

సర్టిఫికెట్ దరఖాస్తులో చేతి చమురు వదిలించేది ఫీజు కాదు, ప్రకటన. దరఖాస్తు ఇచ్చాక పది పనిదినాల్లోగా దాని గురించి స్థానిక పత్రికలో ప్రకటన వేయాలి. ప్రకటన ధర 'ఏ' బ్యాండ్ దరఖాస్తు ఫీజును మించిపోవచ్చు, కాబట్టి రెండు మూడు పత్రికల రేట్లు కనుక్కోండి. గేటు దగ్గర లేత నీలం ఏ4 కాగితం మీద ఈ దరఖాస్తు గురించిన నోటీసు 28 రోజులు ఉంచాలి. మైదానం పెద్దదైతే రోడ్డు వైపు ప్రతి 50 మీటర్లకు ఒకటి. వానకు తడిసి ఊడిపోతే గడువు మళ్లీ మొదటికి రావచ్చు. కవరులో పెట్టి, రోజూ ఒక ఫొటో తీసి ఉంచండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే పోలీసులకూ ఇతర శాఖలకూ నకళ్లు కౌన్సిలే పంపుతుంది. కాగితం మీదైతే ఆ పని మీదే. ప్లాన్ గీయడానికి ఆర్కిటెక్ట్‌కు డబ్బు పోయనక్కర్లేదు. మద్యం ఇచ్చే చోటు, తలుపులు, అగ్నిమాపక పరికరాలు లాంటివి స్పష్టంగా కనిపించాలి.

చివరగా ఏటా కట్టే ఫీజు. ప్రతి ఏడాదీ సర్టిఫికెట్ మంజూరైన తేదీకే అది బాకీ పడుతుంది. కట్టకపోతే కౌన్సిల్ సర్టిఫికెట్‌ను సస్పెండ్ చేయాల్సిందే, ఆ తర్వాత అమ్మిన ప్రతి గ్లాసూ నేరమే. చాలా చోట్ల ఇది డబ్బు లేక జరగదు. బిల్లు ఎప్పుడో తప్పుకున్న పాత కార్యదర్శి మెయిల్‌కు వెళ్తూ ఉంటుంది. క్లబ్బు పేరుతోనే ఒక మెయిల్ పెట్టి కౌన్సిల్‌కు అదే ఇవ్వండి. నిబంధనావళి మార్చినప్పుడు కూడా 28 రోజుల్లోగా కౌన్సిల్‌కు తెలపాలి, దానికి ఫీజు 10 పౌండ్ల 50 పెన్నీలు.