కార్లు రాని కంకర బాట ఎలా వెతకాలి? ఆల్ప్స్‌లో ఆర్నోగా నుంచి కాన్‌కానో దాకా

నమస్తే అండీ. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఇది ఉత్తర ఇటలీ మ్యాప్. ఇక్కడ కింద మిలాన్, నేను ఉండేది ఇక్కడే. పైకి పోదాం... ఇంకొంచెం పైకి... లేక్ కోమో దాటేశాం... ఇదిగో, బొర్మియో. ఊరే 1,225 మీటర్ల ఎత్తులో ఉంది. చుట్టూ మూడు వేల మీటర్లు దాటిన కొండలు. ఈ పక్కన గీత ఉంది చూశారా, అది స్విట్జర్లాండ్ సరిహద్దు.

ఇవాళ్టి పని ఏంటంటే, ఇంత ఎత్తు కొండల్లో కార్లూ బైకులూ లేని కంకర బాట మ్యాప్‌లో ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక దాన్ని సైకిల్ మీటర్‌లోకి, అంటే హ్యాండిల్ మీద పెట్టుకునే, దారి చూపించే చిన్న జీపీఎస్‌లోకి ఎలా ఎక్కించాలి. రెండోదే ముఖ్యం. నేను దెబ్బతిన్నది అక్కడే, కాబట్టి అక్కడ నెమ్మదిగా చెప్తాను.

ముందు ఒక మాట. కొండల్లో తారు రోడ్డంటే ఎండాకాలం మొత్తం బైకుల మోతే. ఇక్కడికి దగ్గర్లోనే స్టెల్వియో కనుమ ఉంది, 2,757 మీటర్లు, పేరున్న రోడ్డు. నాకు ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కడం అసలు ఇష్టం ఉండదు. ప్రతి మలుపులో వెనక ఏం వస్తోందో అని టెన్షన్. కొండను చూడటమే కుదరదు. అందుకే నేను వెతికేది వేరే.

నేను వెతికేది పాత పని బాటలు. ఆనకట్ట కట్టడానికి వేసినవి, రైలు పట్టాలు తీసేసినవి, కాలువ వెంట నడిచేవి. మాది గోదావరి జిల్లా. చిన్నప్పుడు బడికి కాలువ గట్టు మీద సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి. గట్టు ఎప్పుడూ చదునుగా ఉంటుంది, నీళ్లకు ఎత్తుపల్లాలు కుదరవు కదా. ఆ ఒక్క విషయం గుర్తుపెట్టుకుని ఇక్కడ మ్యాప్ చూడండి.

జూమ్ చేస్తున్నా. బొర్మియో నుంచి లివీన్యో వెళ్లే రోడ్డు ఇది, 301 నంబరు. మధ్యలో ఈ మలుపు దగ్గర ఆర్నోగా. చిన్న చోటు, దాదాపు 1,870 మీటర్లు. ఇక్కడి నుంచి కొండ పక్కనే ఈ సన్న గీత బయల్దేరింది చూడండి. వంకరటింకరగా పోతోంది గానీ ఎక్కడం లేదు, దిగడం లేదు. ఎత్తు గీతల వెంబడే, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల పక్కనే పోతోంది. ఇలాంటి గీత కనపడితే ఆగిపోండి. మనుషులు ఊరికే నడిచిన బాట ఇలా ఉండదు, ఎవరో లెక్క కట్టి వేశారన్నమాట.

దీని పేరు డెకోవిల్ బాట. పాల్ డెకోవిల్ అని ఫ్రాన్స్ ఆయన, 19వ శతాబ్దంలో సులువుగా పరిచి, పనయ్యాక తీసేసుకునే సన్న రైలు పట్టాలు తయారు చేశాడు. అలాంటి పట్టాలే ఇక్కడా వేశారు. పైన చెరువుల దగ్గర మిలాన్ నగరానికి కరెంటు కోసం ఆనకట్టలు కట్టారు, ఆ పనికి సామాను మోయడానికి. ఇప్పుడు పట్టాలు లేవు, కట్ట మిగిలింది. బరువు లాగే చిన్న బండి నిటారుగా ఎక్కలేదు కదా, అందుకే బాట చదును. ఆర్నోగా నుంచి ఆ చివర ఫ్రాయెలే టవర్లు అనే పాత బురుజుల దాకా సుమారు పది కిలోమీటర్లు. టవర్లు 1,941 మీటర్ల దగ్గర ఉన్నాయి. అంటే పది కిలోమీటర్లలో నికరంగా ఎక్కేది డెబ్భై మీటర్లు. ఆల్ప్స్‌లో!

సరే, గీద్దాం. నేను వాడేది బీరౌటర్ అనే దారి గీసే సైటు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ప్రొఫైల్ గ్రావెల్ పెట్టాను, అంటే కంకర బాటలకు సరిపడే దారి వెతకమని. మ్యాప్ లేయర్ సైక్లోఎస్ఎమ్, సైకిల్ బాటలు బాగా కనిపించే మ్యాప్. కీబోర్డులో డి నొక్కితే గీయడం మొదలు. ఆర్నోగా దగ్గర ఒక క్లిక్. టవర్ల దగ్గర ఒక క్లిక్. ఇక్కడి నుంచి కాన్‌కానో చెరువు పక్కన, ఇక్కడ ఆనకట్ట, తర్వాత సాన్ జాకొమో చెరువు, ఆ చివర దాకా, తిరిగి అవతలి ఒడ్డున. అయిపోయింది. తప్పు క్లిక్ పడితే జెడ్ నొక్కండి, చివరి చుక్క పోతుంది. నేను మౌస్‌తో చెరపడం మానేసి చాలా కాలమైంది, ఈ కీలు అలవాటైతే చేయి కదపక్కర్లేదు. వెళ్లి రావడానికి అంతా కలిపి సుమారు 40 కిలోమీటర్లు.

ఇప్పుడు కుడి పక్కన డేటా ట్యాబ్ తెరుస్తున్నా. చాలామంది దీన్ని తెరవరు. ప్రతి ముక్కకూ మ్యాప్ వేసినవాళ్లు ఏం రాశారో ఇక్కడ ఉంటుంది. మూడే చూడండి. హైవే అన్న చోట ట్రాక్ అని ఉంటే జీపు పట్టేంత బాట, పాత్ అని ఉంటే మనిషి పట్టేంత బాట. ట్రాక్‌టైప్‌లో గ్రేడ్ 1 గట్టిది, గ్రేడ్ 5 మెత్తటి మట్టి. గ్రావెల్ సైకిల్‌కి, అంటే కంకర మీద తొక్కే వెడల్పు టైర్ల సైకిల్‌కి, నేను 2, 3 దాకా ధైర్యంగా వెళ్తాను. మూడోది మోటార్ వెహికల్. అక్కడ నో అని ఉంటే ఆ రోజు పండగే.

పాత్ అని ఉన్నచోట ఎంటీబీ స్కేల్, అంటే మౌంటెన్ బైక్‌కి ఆ బాట ఎంత కష్టమో చెప్పే అంకె, కూడా చూడాలి. సున్నా నుంచి ఆరు దాకా ఉంటుంది. ఉదాహరణకి ఇదిగో, సాన్ జాకొమో నుంచి స్విట్జర్లాండ్ వైపు వెళ్లే వాల్ మోరా లోయ. చాలా అందమైన లోయ. కానీ సరిహద్దు దగ్గర ముక్క సన్న కాలిబాట, పక్కన వాలు. గ్రావెల్ సైకిల్‌తో వెళ్లేవాళ్లు ఉన్నారు, కొన్నిచోట్ల దిగి నడుస్తారు. మొదటిసారి వచ్చేవాళ్లకి నేను చెప్పను.

ఇక నేను దెబ్బతిన్న చోటు. దయచేసి ఇక్కడ ముందుకు జరపకండి.

మొదటిసారి నేను లివీన్యో నుంచి వచ్చాను. ఫోస్కాన్యో కనుమ, 2,291 మీటర్లు, ఎక్కి ఇటు దిగుతున్నా. దిగేటప్పుడు వేగం ఉంటుంది కదా. ఆర్నోగా మలుపులో బాట మొదలు దాటేశాను. దాటింది ఎంతో కాదు, వంద మీటర్లు ఉంటుందేమో. మీటర్ ఒకసారి మోగింది, వెంటనే కొత్త దారి లెక్కేసి నేరుగా వెళ్లమంది. గీత మళ్లీ స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తోంది. నేను గీసుకున్న గీతే అనుకుని నమ్మాను. కిందికి, కిందికి, కార్ల మధ్య ఇసొలాచ్చా అనే ఊరి దాకా. అది 1,345 మీటర్లు. అక్కడి నుంచి అదే మీటర్ నన్ను టవర్ల వైపు ఘాట్ రోడ్డు ఎక్కమంది. పోయిన 500 మీటర్ల ఎత్తూ మళ్లీ ఎక్కాను, ఇంకొంచెం ఎక్కువే. 2020 జీరో డిటాలియా అనే ఇటలీ సైకిల్ రేసులో 18వ స్టేజ్ ముగింపు కాన్‌కానో దగ్గరే, జై హిండ్లీ గెలిచాడు. వాళ్లు ఎక్కింది ఆ రోడ్డే. మన తిరుమల ఘాట్ రోడ్డులా మలుపు మీద మలుపు. పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది, ఉరుములు మొదలయ్యాయి, చెరువు చూడకుండానే దిగిపోయాను. చాలా బాధేసింది.

తప్పు ఎక్కడుందంటే, గీతలో కాదు. ఫైల్‌లోనూ కాదు. మీటర్‌లో రీకాల్క్యులేషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, మనం గీత తప్పగానే అది తనకు నచ్చిన దారి వేసేస్తుంది. ఆ దారి ఎక్కువసార్లు తారు రోడ్డే. మనం గంట కూర్చుని వెతికిన బాట విలువ దానికి తెలియదు. కాబట్టి ఆఫ్ చేయండి. నా మీటర్‌లో ఇలా, నావిగేషన్, రూటింగ్, రీకాల్క్యులేషన్, ఆఫ్. మీ దాంట్లో పేరు వేరే ఉండొచ్చు, గీత తప్పినప్పుడు ఏం చేయాలి అని అడిగే చోట వెతకండి. మనకి కావాల్సింది ఒక్కటే. గీత తప్పితే మోగాలి, అంతే. కొత్త దారి చూపకూడదు. ఆఫ్ చేశాక మళ్లీ వెనక్కి వచ్చి ఒకసారి చూడండి, ఆఫ్ అనే ఉందా. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కూడా చూడండి. నేను బయల్దేరే ముందు రాత్రి తప్పకుండా చూస్తాను.

ఇంకో జాగ్రత్త బీరౌటర్‌లోనే. ఎన్ నొక్కండి, నోగో గుండ్రం, అంటే దారి వెళ్లకూడని చోటు, వస్తుంది. 301 రోడ్డు మీద, ఆర్నోగాకి కొంచెం కింద, ఇలా ఒక గుండ్రం వేసేయండి. ఇక గీత ఎంత లాగినా అటు పోదు. అలాగే మలుపు దగ్గర ఒక గుర్తు పెట్టి "ఇక్కడ తిరగాలి" అని తెలుగులోనే రాయండి. కొన్ని మీటర్లు తెలుగు అక్షరాలు చూపించవు, డబ్బాలు వస్తాయి. అప్పుడు ఒక పెద్ద బాణం బొమ్మ చాలు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. టైరు 40 మిల్లీమీటర్లు లేదా ఇంకాస్త వెడల్పు, ట్యూబ్‌లెస్ అయితే మంచిది. గాలి మాత్రం పైకి వచ్చాకే సరిచూడండి. కింద మిలాన్‌లో 30 పీఎస్ఐ కొట్టుకుని వస్తే, రెండు వేల మీటర్ల దగ్గర బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, గేజ్ 33 దాకా చూపిస్తుంది. చలి కొంత తగ్గిస్తుంది గానీ పూర్తిగా కాదు. కంకరలో ఆ మూడు పీఎస్ఐకే చేతులు అదురుతాయి. చిన్న గేజ్ జేబులో పెట్టుకోండి, వేలితో నొక్కి చూసి లాభం లేదు.

మంచు కరిగాక, జూన్ రెండో సగం నుంచి సెప్టెంబర్ చివరి దాకా మంచి కాలం. పొద్దున్నే మొదలుపెట్టండి. మధ్యాహ్నం ఉరుముల వాన మామూలే. ఇంకోటి, టవర్ల దగ్గరికి బొర్మియో వైపు నుంచి తారు రోడ్డు ఉంది, కార్లు వస్తాయి. పొద్దున్నే వెళ్తే అక్కడా ఖాళీ. డెకోవిల్ మీద కార్లు లేవు గానీ నడిచేవాళ్లు ఉంటారు, పిల్లలతో వస్తారు, పెద్దవాళ్లు వస్తారు. బెల్ కొట్టి, వేగం తగ్గించి, "బొన్ జోర్నో" అనండి, ఇటాలియన్‌లో నమస్తే లాంటిది. ఆ బాట ముందు వాళ్లది.

ఓపిక ఉంటే సాన్ జాకొమో చివరి నుంచి అల్పిసెల్లా కనుమ వైపు ఎక్కండి, 2,285 మీటర్లు. చక్రం కింద రాళ్లు జారతాయి, నెమ్మదిగా. ఆ దారిలోనే అడ్డా నది పుట్టే చోటు ఉంది. ఇదే నది కింద లేక్ కోమోలోకి వెళ్తుంది, అందులోంచి బయటికి వచ్చి పో నదిలో కలుస్తుంది. రావడానికి రైలు అయితే మిలాన్ నుంచి తిరానో దాకా. అక్కడి నుంచి బొర్మియోకి అదే అడ్డా పక్కన సైకిల్ బాట, సెంటియెరో వాల్తెల్లీనా. కోలికో నుంచి బొర్మియో దాకా మొత్తం 114 కిలోమీటర్లది. నేను ఒక రోజు అలా వచ్చి, బొర్మియోలో పడుకుని, మర్నాడు పైకి వెళ్తాను. బస్సు ఎక్కేటట్టయితే సైకిల్ ఎక్కించుకుంటారో లేదో ముందే అడగండి.

సరే, ఎక్స్‌పోర్ట్. జీపీఎక్స్ ఎంచుకున్నా, మీటర్ చదివే దారి ఫైలు. పేరు మార్చండి, తేదీ వేయండి, లేకపోతే పాత ఫైలు తెరిచేస్తారు. కేబుల్ పెట్టాను. కోర్సుల ఫోల్డర్‌లో వేశాను. కేబుల్ తీసేశాను. ఇప్పుడు వైఫై ఆపేసి, ఫోన్ పక్కన పెట్టి, మీటర్‌లో ఒక్కదాంట్లోనే తెరుస్తున్నా... వచ్చింది. ఆర్నోగా దగ్గర జూమ్... మలుపు, బాణం, గీత ఎడంగా కొండ పక్కకి పోతోంది. రీకాల్క్యులేషన్ మళ్లీ చూస్తున్నా. ఆఫ్.